కొసరుగా రెండు రౌండ్లు

బేరం తెగాక అడిగేదాన్ని కొసరు అంటారు. మా నాన్న కిరాణా కొట్లో గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని నేను నేర్చుకున్న మొదటి విద్య ఇదే. కందిపప్పు తూకం అయిపోవాలి, పొట్లం కట్టాలి, పురికొస తెంపాలి. అప్పుడు గుమ్మం దిగబోతూ గుర్తొచ్చినట్టు అనాలి: "ఓ బెల్లం ముక్క వెయ్యవయ్యా." అప్పటికి కొట్టువాడి మనసు తేలికపడి ఉంటుంది, కాదనలేడు. కొట్టువాడి కొడుకుని కాబట్టి ఆ మాట ఎక్కడ పనిచేస్తుందో నాకు రెండువైపుల నుంచీ తెలుసు.

ఆ విద్య నాతోపాటే అమెరికాకి, న్యూజెర్సీలోని పిస్కాటవేకి వచ్చింది. ఈ దేశంలో ఎవరూ బేరాలాడరని అందరూ చెబుతారు. అడగరు, అంతే. నేను పరుపుల దుకాణంలో అడిగాను, పళ్ళ డాక్టరు దగ్గర అడిగాను, అపార్ట్‌మెంట్ ఆఫీసులో ఏటా అడుగుతాను. అప్పుడు నా భార్య నాలుగడుగులు దూరంగా జరిగి ఫోన్ చూసుకుంటూ, ఈయనెవరో నాకు తెలియదన్నట్టు నిలబడుతుంది. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత మా ఇంట్లో సామెత కాదు, మతం.

నలభై దాటాక షుగరు గీత దగ్గరికొచ్చింది. ఒళ్ళు కదల్చమని డాక్టర్ గట్టిగా చెప్పింది. మా అపార్ట్‌మెంట్లలోనే ఉండే కరీంనగర్ కుర్రాడొకడు, నాకంటే పదేళ్ళు చిన్న, మందుల కంపెనీలో రోగుల వివరాల లెక్కలు చూస్తాడు. వాడు నన్ను టైర్ల షాపు వెనకున్న బాక్సింగ్ జిమ్‌కి లాక్కెళ్ళాడు.

"రా అన్నా. నీకు బేరమాడెతందుకు ఇంకో జాగ దొరికింది," అన్నాడు.

ఒకప్పుడు గోదాముగా ఉన్న గది అది. మధ్యలో తాళ్ళకి టేపు చుట్టిన రింగు, కప్పు నుంచి వేలాడే ఇసుక సంచులు, మూడు నిమిషాలకోసారి దానంతటదే మోగే గంట. గోడ మీద పాత పోస్టర్. అందులో ఎదురెదురుగా పిడికిళ్ళు బిగించిన ఇద్దరిలో ఎడమవైపు వాడే ఆ జిమ్ యజమాని. ఆ రాత్రి ఛాంపియన్‌ బెల్ట్ కోసం చివరి గంట దాకా కొట్లాడి వెంట్రుకవాసిలో ఓడిపోయాడట. పోస్టర్‌లో మెడ ఎద్దు మెడలా ఉంది. బల్ల వెనక కూర్చున్న మనిషికి నలభై ఆరేళ్ళు. ముక్కు చితికిపోయి, కనుబొమలు మచ్చలతో బరువెక్కి ఉన్నాయి. అందరూ కోచ్ అనే పిలిచేవారు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను.

నెల ఫీజు దగ్గర అరగంట తిప్పాను. ఆయన దిగొచ్చాడు. కార్డు గీకి రసీదు ఇస్తుండగా, చేతులకి చుట్టుకునే పట్టీల జత కూడా ఇమ్మని అడిగాను.

"అవి విడిగా కొనుక్కోవాలి."

"నాకు తెలుసు. అందుకే ఇప్పుడడుగుతున్నాను."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత లాకర్ తెరిచి తన పాత పట్టీలే తీసిచ్చాడు. ఒకప్పుడు ఎర్రటివి, ఉతికి ఉతికి ఇటుకరంగుకి దిగాయి. "మీ భాషలో దీన్నేమంటారు?" అని అడిగాడు. చెప్పాను. "కొసారు," అని రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. ఆరోజు నుంచి నేను 'కౌన్సెలర్'నయ్యాను. ఇక్కడ కోర్టులో లాయర్లని పిలిచే పిలుపు అది. రోజూ చివరి గంట మోగి, నేను గ్లవ్స్ విప్పబోతుంటే, గది ఆ మూల నుంచి "కొసారు, కౌన్సెలర్" అని కేక వినిపించేది. ఇంకో నిమిషం సంచిని కొట్టాల్సిందే. నా మందే నాకు పోశాడు.

మొదటిసారి మా కుర్రాడే గమనించాడు. చేతులకి పట్టీ చుట్టడం కోచ్‌కి పూజలాంటిది. బొటనవేలి నుంచి మణికట్టుకి, అక్కడి నుంచి వేళ్ళ సందుల్లోకి, కళ్ళు మూసుకుని చుట్టేవాడు. ఆ సాయంత్రం నా కుడిచేతికి చుట్టాడు, ఎడమచేతికి చుట్టాడు. మళ్ళీ కుడిచెయ్యి అందుకుని, బాగానే ఉన్న కట్టు విప్పి, మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. అది కాగానే ఎడమచెయ్యి అడిగాడు.

"గిప్పుడే కట్టిండు కదా అన్నా," అన్నాడు మావాడు తెలుగులో, మొహం ఇసుక సంచివైపు పెట్టుకుని.

"సరిగ్గా కుదరలేదేమోరా."

"పోయిన వారం నాకూ గంతే చేసిండు. మేం ఆఫీసుల గీ మతిమరుపు కేసులే చూస్తం, కాయితం మీద. గీడ మనిషే కనవడ్తున్నడు."

నేను నవ్వేశాను. ఆ తర్వాత కొద్దిరోజులకి గ్లవ్స్ కోసం నేనే ఆయన లాకర్ తెరిచినప్పుడు తలుపు లోపలివైపు చూశాను. తెల్లటి టేపు ముక్కలు వరసగా అంటించి ఉన్నాయి, వాటిమీద పెన్నుతో రాతలు. 'గడ్డం, మంగళ గురు, మోకాలు నొప్పి.' 'పొడుగు అమ్మాయి, లెఫ్ట్ హ్యాండ్.' కింద నాది: 'బేరాలాడేవాడు. కళ్ళజోడు. కౌన్సెలర్ అను.' తలుపు చప్పుడు కాకుండా మూశాను. ఆయన ముచ్చటపడి పెట్టిన పిలుపనుకున్నది నన్ను గుర్తుపట్టడానికి రాసుకున్న చీటీ అని తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఒకరి కొట్లో డొల్ల సరుకు కనబడితే నలుగురిలో అనకూడదన్నది మా బజారు మర్యాద.

ఇలాంటి మనిషి మళ్ళీ రింగులోకి దిగాలనుకున్నాడు. కారణం డబ్బు కాదు. బాక్సర్ల జయాపజయాలన్నీ పెట్టే వెబ్‌సైట్ ఒకటుంది. పేరు కొడితే ఆఖరి ఆట మొదటి వరసలో వస్తుంది, గెలిస్తే పచ్చగా, ఓడితే ఎర్రగా. ఆయన పేజీ మీద మొదటి వరస ఎరుపు. మూడేళ్ళ కిందట రెండో రౌండ్లో పడిపోయాడు.

"బెల్ట్ ఆట చూడాలంటే పేజీ కిందికి ఎంతో జరపాలి, కౌన్సెలర్. ఎవడు జరుపుతాడు? మా అక్క మనవడు జరపలేదు. 'తాతా, నువ్వు ఓడిపోతావు కదా' అన్నాడు. ఒక్క పచ్చ వరస. పైన అది పడితే తలుపు మూసేస్తాను."

ఆయనకి భార్యాపిల్లలు లేరు, అక్కతోనే ఉంటాడు. మేనేజర్ ఏనాడో పోయాడు. ఆటలు కుదిర్చే మనిషిని మ్యాచ్‌మేకర్ అంటారు, మన దగ్గర సంబంధాలు కుదిర్చేవాళ్ళ బాపతే. అతనితో మాట్లాడే పని నాకు తగిలింది. నా దగ్గర పట్టీలు గుంజినవాడివి, వాడి దగ్గర ఒక ఆట గుంజలేవా అన్నాడు కోచ్. నిజం చెప్పాలంటే నాకు ఆ మాట తీపిగా తగిలింది. ఆఫీసులో పదేళ్ళుగా ఎవరూ నాకు అప్పగించని గొప్ప పని ఇది.

జిమ్ బల్ల మీద ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడాం. అవతల మ్యాచ్‌మేకర్ గొంతు నిద్రలోంచి వస్తున్నట్టుంది.

"నలభై ఆరేళ్ళా. వేరే రాష్ట్రంలో నాకో ఆదివారం మధ్యాహ్నం షో ఉంది, హోటల్ హాల్లో. నా కుర్రాడొకడు ఏడు ఆటలు ఆడాడు, ఏడూ గెలిచాడు. నాలుగు రౌండ్లు ఇస్తాను."

"నాలుగు కొత్తవాళ్ళకిచ్చేవి. ఆయన బెల్ట్ కోసం ఆడిన మనిషి."

"ఎప్పుడో."

"మా ఊళ్ళో పాత బియ్యానికే రేటెక్కువ," అన్నాను. "కొత్త బియ్యం ముద్దయిపోతుంది, పాతది పొడిపొడిగా ఒదుగుతుంది. నీ కుర్రాడి ముందు కొత్తవాళ్ళని పెడితే రెండో రౌండ్లో పడిపోతారు. వాడేం నేర్చుకుంటాడు? పడకుండా నిలబడే మనిషి కావాలి నీకు."

ఫోన్ అవతల నవ్వు వినిపించింది. కోచ్ కూడా నవ్వాడు. నేను అమ్ముతున్నదేమిటో ఆ గదిలో ఎవరికీ స్ఫురించలేదు, నాకు అందరికంటే తక్కువ. పడకుండా నిలబడి దెబ్బలు తినే మనిషని నాలుగు మాటల్లో చెప్పి, దాన్ని గుణంగా చూపించాను.

ఆరు రౌండ్లకి తెగింది. తేదీ, బరువు, ప్రయాణం అన్నీ ఒప్పుకున్నాక అతను ఫోన్ పెట్టెయ్యబోతుంటే, నా నోటికి చిన్నప్పటి అలవాటు వచ్చేసింది.

"అంతా బాగుంది. ఇంకో రెండు రౌండ్లు వేసుకో. ఎనిమిది అంటే నీ పోస్టర్‌కీ అందం."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. "సరే, పో," అన్నాడు.

కోచ్ లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చి నా తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు. "ఎనిమిది రౌండ్లంటే పెద్ద ఆటగాళ్ళకిచ్చేవి," అన్నాడు. కళ్ళు తడిశాయి. ఆయన ఆరుతో తృప్తిపడ్డాడని, మిగతా రెండూ ఎవరూ అడగలేదని నాకు తెలుసు. ఇంటికెళ్ళేదాకా ఈల వేసుకుంటూ డ్రైవ్ చేశాను.

లైసెన్స్ కావాలంటే డాక్టర్ పరీక్ష నెగ్గాలి. కళ్ళు, గుండె సరే, ఆ తర్వాత కొన్ని ప్రశ్నలుంటాయి. ఆయన ఆడబోయే చోట పద్ధతి ఇలా ఉంది: ఆ జవాబులు వింటే డాక్టర్‌కి అనుమానం రావాలి, అనుమానం వస్తేనే తలకి స్కాన్ రాస్తారు. స్కాన్ తీస్తే లోపల ఏముందో కోచ్‌కి తెలిసినట్టే ఉంది. ఆ మాట వస్తే చెవి రుద్దుకునేవాడు.

"రోజు, తేదీ కాగితం చూసి పోతాను. ఆ ఏడులే నన్ను చంపుతాయి," అన్నాడు. "నూరు నుంచి ఏడు తియ్యి, మళ్ళీ ఏడు తియ్యి అంటారు. పోయినసారి ఎనభై ఆరు దగ్గర పడ్డాను."

అప్పుడు నేను చేసిన పని, గల్లా పక్కన పెరిగినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు. మా కొట్లో ముసలి గుమాస్తా ఒకాయన నాకు ఎక్కాలు నేర్పాడు, ముందుకీ వెనక్కీ. లెక్క వెయ్యడం నేర్పలేదు. లెక్క వేసేవాడు ఆలస్యం చేస్తాడు, పాడేవాడు చెయ్యడు అనేవాడు. కందులు కొలుస్తూ, బస్తాలు మోస్తూ పాడించేవాడు. నిద్రలో లేపి అడిగినా తప్పేవాణ్ణి కాదు, ఏడుని వరసగా కూడటం అప్పటికి నాకు వచ్చినా రాకపోయినా.

"దానికి లెక్కెందుకు, కోచ్? పాట చాలు," అన్నాను.

తల ఎత్తులో వేలాడే చిన్న గుండ్రటి సంచిని పిడికిళ్ళతో టపటపమని కొడుతుంటారు చూడండి, ఆ దరువుకి కట్టాను. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది. డెబ్భై రెండు, అరవై అయిదు, యాభై ఎనిమిది. మూడేసి చొప్పున, మూడు దెబ్బలకి. ఆయన ఇంగ్లీషులో అనేవాడు, నేను తెలుగులో లోపల అనుకునేవాణ్ణి. పదిరోజుల్లో రెండు దాకా దిగడం వచ్చేసింది. ఆయన తల పట్టలేనిదాన్ని చేతులు పట్టాయి.

మా కుర్రాడు ఆ దరువు విని రింగు పక్కన నిలబడిపోయాడు.

"అన్నా, గది పరీక్ష. నువ్వు కాపీ కొట్టిపిస్తున్నవ్."

"ఇంటర్లో నువ్వు కొట్టలేదా?"

"నేను కొడితే నా మార్కులు పోయినయ్. గీయన కొడితే ఏం పోతదో ఎర్కేనా నీకు?"

"ఒక్క ఆటరా. పచ్చ వరస పడితే మూసేస్తానంటున్నాడు."

"మంచిది," అన్నాడు వాడు. సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత జిమ్‌కి రాలేదు.

డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. గదిలో మూల కుర్చీలో కూర్చున్నాను. నూరు నుంచి ఏడేసి తగ్గించమనగానే కోచ్ వేళ్ళు తొడమీద కదలడం మొదలుపెట్టాయి. అయిదు అంకెలు కాగానే డాక్టర్ చాలు అన్నాడు. కోచ్ ఆగలేదు. యాభై ఎనిమిది, యాభై ఒకటి, నలభై నాలుగు. డాక్టర్ పెన్ను ఎత్తి నవ్వుతూ చూశాడు. తొమ్మిది, రెండు అన్నాక గాని నోరు మూతపడలేదు. "నాకంటే మీరే నయం," అని సంతకం పెట్టాడు డాక్టర్. కోచ్ లెక్క చెప్పలేదు, పాట పాడాడు. మీట వదిలిన యంత్రంలా మొదటి నుంచి చివరిదాకా తిరిగాడు. చాలన్న మాట ఆయనకి వినబడనే లేదు.

బయల్దేరే ముందురోజు ఆయన అక్క ఫోన్ చేసింది. ఆమె తమ్ముడి ఆటలు చూడటం మానేసి చాలా ఏళ్ళయింది. "నువ్వేనా ఆ రౌండ్లు ఎక్కువ ఇప్పించినవాడివి?" అంది. అవునన్నాను. "తీసుకెళ్ళినవాడిని తీసుకెళ్ళినట్టే తీసుకురా," అని పెట్టేసింది.

హోటల్ హాలు పెళ్ళి రిసెప్షన్‌కి సర్దినట్టే ఉంది, మధ్యలో రింగు తప్ప. మధ్యాహ్నం మూడయింది. కిటికీల పరదాల సందుల్లోంచి ఎండ జనం మొహాల మీద పడుతోంది. మా మూలలో ఇద్దరం. చర్మం చిట్లినచోట మందు పెట్టడానికి ఆ ఊళ్ళో మాట్లాడుకున్న ముసలాయన, బకెట్ పట్టుకోవడానికి నేను. అవతలి కుర్రాడి చర్మం మీద ఒక్క మచ్చ లేదు.

మొదటి ఆరు రౌండ్లు నేనెప్పటికీ మర్చిపోను, ఎందుకంటే అంత అందమైన పని నా జీవితంలో దగ్గర్నుంచి చూడలేదు. కోచ్ పరిగెత్తలేదు. కుర్రాడు ఎక్కడికి రావాలనుకుంటున్నాడో అక్కడ ముందే ఉన్నాడు. మాటు వేసి, ఒక్కటి తగిలించి, కౌగిలించుకుని, పక్కకి జరిగేవాడు. పాత బియ్యం నిజంగానే ఒదిగింది. ఆరో గంట మోగేసరికి జనం లేచి నిలబడ్డారు. మందు ముసలాయన ఆయన కనుబొమ మీద దూది నొక్కుతూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు:

"ఆరే అయ్యుంటే ఈపాటికి ఇంటికి పోయేవాళ్ళం."

ఏడో రౌండ్ సగంలో కుర్రాడి ఎడమచెయ్యి చెవి వెనక తగిలింది. పెద్ద చప్పుడేం రాలేదు. కోచ్ పడలేదు. మోకాలు ఒకటి లోపలికి వంగి, మళ్ళీ సర్దుకుంది. అప్పటి నుంచీ కాళ్ళు నేలని వెతుక్కుంటూ నడిచాయి.

గంట మోగాక స్టూలు మీద కూర్చున్నాడు. ముసలాయన కనుబొమ పనిలో ఉన్నాడు. కోచ్ గ్లవ్ ఉన్న కుడిచెయ్యి నావైపు చాచి, మెల్లగా అన్నాడు: "ఇది ఇంకా కట్టలేదు."

నేను విన్నాను. తువ్వాలు నా భుజం మీదే ఉంది. అది రింగులోకి విసిరితే అక్కడితో ఆట ఆగుతుంది, వరస ఎరుపవుతుంది. ముసలాయనకి చెప్పినా చాలు. నేను చెప్పలేదు. ఇంకా ఒక్కటే కదా అనుకున్నాను. తూకం అయింది, పొట్లం కట్టారు, ఇప్పుడు బేరం చెడగొట్టుకోవడమేమిటి అనుకున్నాను. ఆ చేతిని పట్టుకుని, కట్టినట్టే మణికట్టు చుట్టూ రెండుసార్లు తిప్పి వదిలాను. ఆయన తృప్తిగా తలూపాడు.

"ఎన్ని మిగిలాయి?"

"ఒకటే, కోచ్. కొసారు."

ఆయన నవ్వి లేచాడు.

ఎనిమిదో రౌండ్ చేతులు ఆడాయి. అవి అలవాటుగా లేచాయి, అలవాటుగా అడ్డుపడ్డాయి. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆయన వైపు రాశారు. రిఫరీ చెయ్యెత్తితే హాలంతా చప్పట్లు. తర్వాత మేం బట్టలు మార్చుకునే గదిలోకి ఆ షో డాక్టర్ వచ్చి, కళ్ళలో లైటు వేసి, నూరు నుంచి ఏడులడిగాడు. కోచ్ వేళ్ళు బల్ల మీద దరువేశాయి. ఒక్కటి తప్పలేదు. "ముసలి గుర్రం గట్టిదే," అని డాక్టర్ వెళ్ళిపోయాడు. అంతా చూస్తూ నేను నిలబడ్డాను. నోరు తెరవలేదు. గెలిచాం కదా.

తిరుగు ప్రయాణం నాలుగు గంటలు. వేసవి, ఎండ ఇంకా గట్టిగానే ఉంది. కోచ్ పక్క సీట్లో ఒళ్ళో సంచి పెట్టుకుని, నా ఇటుకరంగు పట్టీలు తీసి వేళ్ళకి చుట్టుకుంటున్నాడు. నేను అక్కకి ఫోన్ చేసి గెలిచాడని చెబుదామా అని ఆలోచిస్తున్నాను.

"ఇంకా ఎంత దూరం?" అన్నాడు.

"మూడు గంటలుంటుంది కోచ్, ఇంటికి."

"ఇంటికి తర్వాత. హాలుకి ఎంత దూరం? చేతులు కట్టుకునే టైమ్ ఉంటుందా?"

పచ్చటి పొలాలు, లారీలు, ఎండ, అన్నీ మామూలుగానే ఉన్నాయి.  హైవే దిగగానే వచ్చిన మొదటి ఊళ్ళో ఆసుపత్రి బోర్డు చూసి బండి తిప్పాను.

ఎమర్జెన్సీలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక డాక్టరమ్మ వచ్చి కూర్చుంది, చిన్న వయసు. ఏం జరిగిందో చెప్పాను. అయినా ఎదురుగా ఉన్న మనిషి చక్కగా కూర్చుని నవ్వుతున్నాడు, తన పేరు చెప్పాడు, పుట్టినరోజు చెప్పాడు. నూరు నుంచి ఏడులడిగింది. ఆయన పాడేశాడు. ఆమె మొహంలో తొందర తగ్గింది.

"బాగా అదిరినట్టుంది. చూస్తాం, కానీ ముందు ఇంకా చాలామంది ఉన్నారు. రెండు మూడు గంటలు పట్టొచ్చు, ఇక్కడే కూర్చోండి," అంటూ లేచింది.

"ఇంకొక్కటి," అన్నాను.

నా జీవితంలో ఆ మాట వెయ్యిసార్లు అని ఉంటాను. ఎప్పుడూ అంత బరువు లేదు.

"ఏమిటి?"

"అది ఆయనకి కంఠతా వచ్చు. నేనే నేర్పాను. నూట ఒకటి నుంచి అడగండి."

కోచ్ నావైపు తిరిగాడు. బుర్రలోని అంత మసకలోనూ ఆ మాట మాత్రం ఆయనకి సూటిగా తగిలింది. సొంతమూలలోంచి దెబ్బ పడ్డ మనిషి చూపు అది. "కౌన్సెలర్," అన్నాడు, బతిమాలుతున్నట్టు.

డాక్టరమ్మ మళ్ళీ కూర్చుంది. "నూట ఒకటి. ఏడు తీసేయండి."

ఆయన వేళ్ళు తొడమీద లేచాయి. దరువు మొదలుకాలేదు. పెదవులు కదిలాయి.  పెదవి ఎడమ మూల కొంచెం జారి ఉందని అప్పుడే చూశాను. ఎప్పటి నుంచి అలా ఉందో.

"తొంభై మూడు," అన్నాడు చివరికి.

ఆమె ఏమీ రాసుకోలేదు. లేచి చాలా వేగంగా లోపలికి నడిచింది. నిమిషంలో చక్రాల మంచం వచ్చింది.

తల లోపల రక్తం గడ్డకడుతోందన్నారు. ఆపరేషన్ చేశారు. ఇంకో రెండు గంటలు కూర్చోబెట్టి ఉంటే అని మొదలుపెట్టి ఆ డాక్టరమ్మ మధ్యలో ఆపేసింది. మర్నాడు ఆయన అక్క వచ్చింది. నన్ను తిట్టలేదు. గాజుతలుపు ఇవతల నిలబడి, "నిద్రలో ఏవో అంకెలు చెబుతున్నాడు. ఎవరు నేర్పారు?" అంది. నేనే అన్నాను. ఆమె తలూపి లోపలికి వెళ్ళింది.

జిమ్ తలుపు మూతపడింది, ఆయన అనుకున్నట్టే. పోస్టర్ అక్క ఇంట్లో ఉంది, ఆయన మంచానికి ఎదురుగా. వెబ్‌సైట్‌లో మొదటి వరస పచ్చగా ఉంది. ఆఫీసులో ఎవరూ చూడనప్పుడు తెరిచి చూస్తుంటాను. ఆ వరసలో ఎన్ని రౌండ్లో కూడా ఉంటుంది. ఎనిమిది అని ఉంటుంది.

గురువారాలు వెళ్ళి కూర్చుంటాను. మా కుర్రాడూ ఒకటి రెండుసార్లు వచ్చాడు, నాతో ఆ సంగతి ఎత్తలేదు. కోచ్‌కి నేనెవరో కొన్నిరోజులు తెలుస్తుంది, కొన్నిరోజులు తెలియదు. గెలిచిన సంగతి మాత్రం ఏరోజూ తెలియదు. అక్క ఫోన్‌లో ఆ పచ్చ వరస చూపిస్తే, ఎవరిదో అన్నట్టు మర్యాదగా చూసి తిరిగి ఇచ్చేస్తాడు. ఆయన దృష్టిలో ఆ ఆట ఇంకా రాలేదు.

పోయిన గురువారం నా కళ్ళజోడు చూసి గుర్తుపట్టాడు.

"కౌన్సెలర్. వాడితో మాట్లాడావా? ఎన్ని ఇస్తానన్నాడు?"

"ఆరు, కోచ్."

"ఆరు మంచిదే," అన్నాడు. కాసేపు పోస్టర్ వంక చూశాడు. తర్వాత కన్ను గీటబోయాడు, రెప్ప సగంలో ఆగింది. "కొసారు అడిగావా?"

"అడగలేదు."

"నువ్వా? అడగలేదా?"

"అడగలేదు, కోచ్."

ఆయన నమ్మలేదు. నా మొహం చాలాసేపు వెతికి, ఇక ఈ మనిషి పనికిరాడన్నట్టు తల గోడవైపు తిప్పుకున్నాడు.